ఖాళీలను లెక్కపెట్టిన వేసవి

లక్ష సార్లు ఎల్‌ఈడీని వెలిగించాను. అందులో 20,500 సార్లు, అతి మసక కాంతిని పట్టే నా ట్యూబు నుంచి ఏ సంకేతమూ రాలేదు. నాకు కావలసింది ఆ 20,500 అనే అంకే. మిగిలిన 79,500 సార్లు ఎంత పెద్ద సంకేతం వచ్చిందన్న దానితో ఈ లెక్కకు పని లేదు. ఈ మాట మా మేడం మొదటిరోజే చెప్పారు. అది నాకు నిజంగా అర్థం కావడానికి ఒక వేసవి పట్టింది.

మా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో చిన్న నీటి ట్యాంకు కట్టి, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యూయాన్లనే సూక్ష్మకణాలను పట్టుకోవాలన్నది పథకం. నీటిలో కాంతి వెళ్లే వేగం కంటే ఎక్కువ వేగంతో మ్యూయాన్ దూసుకుపోతే దాని వెంట నీలికాంతి పుడుతుంది. దాన్నే చెరెంకోవ్ కాంతి అంటారు. అది చాలా మసకగా ఉంటుంది, కొన్ని నానోసెకన్లలో అయిపోతుంది. దాన్ని చూడగల కన్ను ఫోటోమల్టిప్లయర్ ట్యూబు. ఒక పాత ప్రయోగం నుంచి మిగిలిన ఆరు ట్యూబులు మాకు వచ్చాయి. అన్నీ హమామట్సు కంపెనీ తయారుచేసిన 8 అంగుళాల ఆర్5912 రకం. వాటిని నీళ్లలో దించే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి: నూరు కాంతికణాలు వచ్చి తగిలితే ఒక్కొక్క ట్యూబు ఎన్నింటిని గుర్తిస్తుంది? ఆ పని నాకు అప్పగించారు.

నాకు ఈ రంగం మీద మమకారం చిన్నప్పటిదే. మాది కుప్పం దగ్గర పల్లె. మా తాత కోలార్ బంగారు గనుల్లో పనిచేశారు. ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండ్ బృందాలతో కలిసి పరికరాలు అమర్చి, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలనే సూక్ష్మకణాల జాడ పట్టారు. ప్రపంచంలో అలా తొలిసారి పట్టిన రెండు ప్రయోగాల్లో అది ఒకటి. ఆ పరికరాల్లోనూ ఫోటోమల్టిప్లయర్లే ఉన్నాయి. బంగారం కోసం తవ్విన సొరంగంలో కొందరు చీకట్లో వెలుగు కోసం కూర్చునేవారని మా తాత చెప్పేవారు. ఆ మాటలోని వెలుగు ఏమిటో ఎమ్మెస్సీలో గానీ నాకు తెలియలేదు.

మొదటి పెట్టె తెరిచిన రోజు బాగా గుర్తుంది. గదిలో ట్యూబులైట్లు ఆర్పి ఎర్ర బల్బు ఒకటే ఉంచాం. ఈ ట్యూబు కన్నుకు నీలం బాగా కనిపిస్తుంది, ఎరుపు దాదాపు కనిపించదు. మా ల్యాబు టెక్నీషియన్‌ను మేమంతా అన్న అనే పిలుస్తాం. ఆయన చేతులకు గ్లవుజులు వేసుకుని, గుమ్మడికాయను ఎత్తినట్టు రెండు చేతులా దాన్ని పైకి తీశారు.

"అమ్మా, మెడ పట్టుకోవద్దు. బుర్ర కింద చెయ్యి పెట్టు. లోపల గాలి లేదు, బయట గాలంతా దీని మీదే కూర్చుని ఉంది," అన్నారు.

ఆ మాట అక్షరాలా నిజం. 202 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఆ ముఖం మీద వాతావరణం మూడు క్వింటాళ్లకు పైగా బరువుతో నొక్కుతూ ఉంటుంది. 2001 నవంబరులో జపాన్‌లోని సూపర్ కామియోకాండేలో నీటిలో ఉన్న ఒక ట్యూబు పగిలితే, ఆ అదురుకు పక్కనున్నవి ఒకదాని వెంట ఒకటి పగిలి దాదాపు ఏడు వేల ట్యూబులు పోయాయి. నేను ఆ గాజుగుండును ఒడిలోకి తీసుకున్నప్పుడు ఊపిరి బిగబట్టే ఉన్నాను. తర్వాత ఒకసారి మామూలు వెలుగులో ఒక్క నిమిషం చూపించారు. కింది సగం లోపల వెండిలా మెరిసే పూత, పై సగం పల్చటి తేనెరంగు. ఆ తేనెరంగే ఫోటోకాథోడ్. ఆంటిమొనీ, పొటాషియం, సీజియం కలిసిన పొర. కొన్ని పదుల నానోమీటర్ల మందం మాత్రమే. ట్యూబులో కాంతిని పట్టేది అదొక్కటే, తక్కినదంతా పట్టిన దాన్ని పెద్దది చేసే ఏర్పాటు.

కాంతికణం ఆ పొరకు తగిలి ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి తోస్తే, అది మొదటి డైనోడ్ అనే లోహపు రేకు వైపు లాగబడుతుంది. అక్కడ తగిలి మరికొన్ని ఎలక్ట్రాన్లను రాలుస్తుంది. ఇలా పది మెట్లు. సగటున ఒక్కో మెట్టులో ఐదు రెట్లు పెరిగినా, పదో మెట్టు దాటేసరికి ఒక్క ఎలక్ట్రాన్ దాదాపు కోటి అవుతుంది. కానీ కథ మొదటి అడుగులోనే తెగిపోవచ్చు. కాంతికణం పొరను దాటి వెళ్లిపోవచ్చు, లేదా పొరలోనే వేడిగా మారిపోవచ్చు. ఎలక్ట్రాన్ బయటపడినా దారి తప్పి మొదటి డైనోడ్‌ను చేరకపోవచ్చు. పొర ఎలక్ట్రాన్‌ను విడుదల చేసే అవకాశాన్ని క్వాంటం సామర్థ్యం అంటారు. ఆ ఎలక్ట్రాన్ సరిగ్గా చేరే అవకాశం సేకరణ సామర్థ్యం. రెండింటి లబ్ధమే నేను కొలవాల్సిన గుర్తింపు సామర్థ్యం. కంపెనీ ఇచ్చిన కాగితంలో మా మొదటి ట్యూబు క్వాంటం సామర్థ్యం నీలికాంతికి 27 శాతమని ఉంది. అంటే నా జవాబు 27 కంటే తక్కువే రావాలి. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

ట్యూబును డార్క్ బాక్సులో నిలబెట్టాం. ముఖం పైకి. లోపల నల్లరంగు పూసిన చెక్కపెట్టె అది, మూత అంచులకు గొడుగు గుడ్డ రెండు పొరలు అతికించాం. 1,500 వోల్టుల దాకా మెల్లగా పెంచాను. వోల్టేజీ ఉన్నప్పుడు మూత తెరిస్తే ట్యూబు అక్కడికక్కడే పాడవుతుంది. అందుకే మూతకు ఒక స్విచ్చి పెట్టి, అది తెరుచుకుంటే కరెంటు తెగిపోయేలా అన్న ముందే అమర్చారు. ఆ రాత్రికి కొలవడం లేదు. గది వెలుగు ఒక్క నిమిషం తగిలినా ఆ పొర చాలాసేపు తనంతట తానే ఎలక్ట్రాన్లను వదులుతూనే ఉంటుంది. కనీసం పదిహేను గంటలు చీకట్లో ఊరుకోనివ్వాలి. వెలుగేమీ లేకుండానే వచ్చే ఇలాంటి సంకేతాల లెక్కను డార్క్ కౌంట్ అంటారు. మూత వేసిన కొత్తలో సెకనుకు పదుల వేలలో వచ్చిన డార్క్ కౌంట్ మర్నాడు ఉదయానికి 3,000 దగ్గరికి దిగింది.

ఆ ఉదయమే, విద్యుత్ సంకేతాన్ని గీతగా చూపే ఆసిలోస్కోపు తెరమీద తొలి పల్స్ చూశాను. పచ్చని గీత ఒకటి నిశ్చలంగా ఉంది. ఉన్నట్టుండి కిందికి ఒక చిన్న గుంట. లోతు 8 మిల్లీవోల్టులు, వెడల్పు 10 నానోసెకన్లు. మళ్లీ గీత నిశ్చలం. మళ్లీ ఇంకో గుంట, ఈసారి కొంచెం లోతు తక్కువ. ప్రతి గుంటా ఒక్క ఎలక్ట్రాన్ కథ. పుస్తకంలో చదివిన ఐన్‌స్టీన్ 1905 నాటి వాదన నా కళ్లముందు గుంటలు గుంటలుగా పడుతుంటే, టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను.

ఆ గుంటలన్నీ ఒకే లోతులో ఉండవు. మొదటి డైనోడ్ మీద ఒకసారి నాలుగు రాలితే ఇంకోసారి పన్నెండు రాలవచ్చు, ఆ తేడా చివరిదాకా పెరుగుతూ పోతుంది. అందుకే సంకేతం ఎంత పెద్దదో చూసి ఎన్ని కాంతికణాలు పట్టిందో చెప్పడం కష్టం. ఇక్కడే ఖాళీల లెక్క అక్కరకొస్తుంది. మేడం దాన్ని ఇలా వివరించారు:

"మీ ఇంటి వాకిట్లో కడప బండలు పరిచి ఉంటాయి కదా. వాన మొదలైనప్పుడు తొలి చినుకులు పడతాయి. ఒక్కో బండ మీద ఎన్ని పడ్డాయో లెక్కపెట్టడం కష్టం, ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి. కానీ పొడిగా మిగిలిన బండలు ఎన్నో చూడగానే తెలుస్తుంది. ఆ పొడి బండల వంతును బట్టి సగటున బండకు ఎన్ని చినుకులు పడ్డాయో చెప్పెయ్యవచ్చు."

ఇదే పాయిజాన్ విభాజనం. ఖాళీల వంతుకు సహజ సంవర్గమానం తీసి గుర్తు మారిస్తే సగటు వస్తుంది. లక్షలో 20,500 ఖాళీలంటే ఎల్‌ఈడీ ఒక్కో మెరుపుకు సగటున 1.585 ఎలక్ట్రాన్లు. చినుకు పెద్దదా చిన్నదా అన్నది అక్కర్లేదు, తడిసిందా లేదా అన్నదొక్కటే చాలు.

ఎల్‌ఈడీ వెలుగు ఎంత ఉంచాలన్నది కూడా నేనే తేల్చుకోవాల్సి వచ్చింది. మరీ మసకగా ఉంటే అన్నీ పొడి బండలే, మరీ ఎక్కువైతే పొడి బండే మిగలదు. రెండింటిలోనూ అనిశ్చితి పెరుగుతుంది. ఎక్కడ అతి తక్కువో కాగితం మీద అవకలనం చేస్తే సగటు 1.59 దగ్గర వచ్చింది. అంటే ఐదు మెరుపుల్లో ఒకటి ఖాళీగా పోవాలి. అక్కడ లక్ష మెరుపులు ఇస్తే సగటులో అనిశ్చితి 0.4 శాతమే. ఇంత అందమైన జవాబు వస్తుందని అనుకోలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా నోటుపుస్తకంలో ఉంది.

తరువాతి రెండు వారాలు ఒక వింత సతాయించింది. రోజూ మధ్యాహ్నం మూడు దాటితే డార్క్ కౌంట్ పెరిగేది. మూడు వేలు కాస్తా లక్ష దాటేది. సాయంత్రం అయిదుకు తగ్గేది. ఏప్రిల్ నెల, మా ప్రాంతంలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, కరెంటు పోతే ఏసీ ఆగుతుంది. వేడికి ఫోటోకాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఊడివస్తాయన్నది తెలిసిన సంగతే. కాబట్టి వేడేనని నమ్మి, ఉష్ణోగ్రతకూ కౌంటుకూ గ్రాఫు గీశాను. గ్రాఫు కుదరలేదు. పెట్టె లోపల ఉష్ణోగ్రత నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతోంది, కౌంటు మాత్రం అయిదు నిమిషాల్లో లేచి అయిదు నిమిషాల్లో పడుతోంది.

అన్న ఆ గ్రాఫు చూసి గ్రాఫు సంగతి మాట్లాడలేదు. గోడ వైపు చూశారు. కిటికీలకు అట్టలు కొట్టాం గానీ, పైనున్న వెంటిలేటర్‌ను ఎవరూ పట్టించుకోలేదు. మూడింటికి అందులోంచి చారెడు ఎండ వచ్చి సరిగ్గా పెట్టె వెనకవైపు, కేబుళ్లు లోపలికి వెళ్లే పలక మీద పడుతోంది. ఆయన పైకండువా తీసి ఆ పలక మీద కప్పారు. తెరమీద లెక్క చూస్తుండగానే 3,200కు పడిపోయింది. కండువా తీస్తే మళ్లీ లక్ష. ఒక కనెక్టరు చుట్టూ వెంట్రుకంత సందు. వేడైతే కండువా కప్పిన క్షణంలో తగ్గదు కదా. కనెక్టర్లన్నీ ఊడదీసి, నల్ల సిలికాన్ పూసి మళ్లీ బిగించడానికి మూడు రోజులు పట్టింది. తర్వాత చీకటి గదిలో టార్చిలైటు పట్టుకుని పెట్టె అంగుళం అంగుళం తడిమాను. ఎక్కడ వెలుగు వేసినా కౌంటు కదలలేదన్నాకే ముందుకు వెళ్లాం. ఈ కొలత తలపెట్టే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: డార్క్ కౌంటును రాత్రొకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి తీయండి. రెండూ కలవకపోతే ఇంకేదీ కొలవవద్దు.

ట్యూబు ఎంత పట్టిందో ఖాళీలు చెబుతాయి. మనం ఎంత పంపామో ఎవరు చెప్పాలి? కొలతలో సగం కంటే ఎక్కువ కష్టం ఇక్కడే ఉంది. మెరుపుకు ఆరేడు కాంతికణాలు పంపుతున్నాం. వాటిని విడివిడిగా లెక్కపెట్టగల పరికరం మా దగ్గర ఆ ట్యూబు తప్ప ఇంకోటి లేదు. దాన్నే కదా కొలవాల్సింది.

అందుకు పట్టిన దారి ఇది. లోపలంతా తెల్లని పూత ఉన్న ఒక బోలు గోళం తీసుకున్నాం. అందులో 405 నానోమీటర్ల ఎల్‌ఈడీ వెలిగితే కాంతి గోడల మీద మళ్లీ మళ్లీ చెల్లాచెదురై అంతటా సమంగా పరుచుకుంటుంది. గోళానికి రెండు కిటికీలు. మొదటి కిటికీ దగ్గర ప్రామాణిక ఫోటోడయోడ్ ఉంటుంది. ఎంత కాంతికి ఎంత కరెంటు ఇస్తుందో ధ్రువపత్రంతో వచ్చిన డయోడ్ అది. రెండో కిటికీలో మిల్లీమీటరు రంధ్రం, దాని వెంట అర మీటరు పొడవున్న సన్నని గొట్టం, దాని చివర ట్యూబు. రెండో దారి గుండా వెళ్లే కాంతి మొదటి దానిలో దాదాపు పది లక్షల్లో ఒక వంతు. ఆ వంతు కచ్చితంగా ఎంతో ఒకసారి కొలిచిపెట్టుకుంటే, ఆ తర్వాత డయోడ్ కరెంటును చూసి ట్యూబుకు ఎన్ని కాంతికణాలు వెళ్తున్నాయో లెక్కగట్టవచ్చు. సెకనుకు వెయ్యి మెరుపులతో నడిపినప్పుడు డయోడ్‌లో వచ్చేది ఒక నానోఆంపియర్‌లో మూడింట రెండు వంతులు. పికోఆంపియర్లు కొలిచే మీటరు పక్కన ఎవరూ కుర్చీ కూడా జరపకుండా కాపలా కాశాను.

పది లక్షల వంతును కొలవడానికి ఎల్‌ఈడీని ఆపకుండా పూర్తి వెలుగులో ఉంచి, గొట్టం చివర ట్యూబు స్థానంలో మరో చిన్న డయోడ్ పెట్టాను. మొదటి కిటికీలో 20 మైక్రోఆంపియర్లు వస్తుంటే ఇక్కడ 14 పికోఆంపియర్ల పైచిలుకు. వంతు తేలింది. దాని ప్రకారం మెరుపుకు 4.8 కాంతికణాలు వెళ్తున్నాయి. ట్యూబు పట్టింది 1.585. భాగిస్తే 33 శాతం.

33 అన్న అంకె తెరమీద చూసి మొదట సంతోషించాను. మంచి ట్యూబు దొరికిందనుకున్నాను. సాయంత్రం మేడం గదిలో కంపెనీ కాగితం పక్కన పెట్టి చూశాక సంతోషం ఆవిరైంది. పొర నుంచి నూటికి 27 ఎలక్ట్రాన్లు మాత్రమే బయటికి వస్తుంటే 33 ఎలా పట్టగలం?

"ఖాళీల లెక్క తప్పా?" అని అడిగారు.

"రెండుసార్లు చూశాను మేడం. సరిగానే ఉంది."

"అయితే నువ్వు పంపిన దాని లెక్కే తప్పు. నీకు తెలియకుండా ఇంకా కాంతి వెళ్తోంది. ఎక్కడి నుంచో వెతుకు."

నాలుగు రోజులు వెతికాను. ఎల్‌ఈడీని ఆపకుండా వెలిగించినప్పుడూ మెరిపించినప్పుడూ రంగు మారుతోందా అన్నది చూశాను. ఆ తేడా చాలా స్వల్పం. మీటరు సున్నా జరిగిందా అన్నది చూశాను. జరగలేదు. చివరికి ఒక రాత్రి పెట్టె మూత తీసి, ట్యూబు తీసేసి, ఎల్‌ఈడీ పూర్తి వెలుగులో గొట్టం చివర తెల్లకాగితం పట్టి చూశాను. కళ్లు చీకటికి అలవాటు పడటానికి పావుగంట పట్టింది. నెమ్మదిగా కాగితం మీద బఠాణీ గింజంత మసక చుక్క కనిపించింది. ఇంకాస్త సేపటికి ఆ చుక్క చుట్టూ అరచేయంత వెడల్పున లేత వలయం. చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు. గొట్టం లోపలి గోడ నునుపుగా ఉంది. దానికి తగిలి పక్కకు చిమ్మిన కాంతి అది. 8 అంగుళాల ట్యూబు తన వెడల్పాటి ముఖంతో ఆ వలయాన్ని కూడా మింగేస్తోంది. సెంటీమీటరు వెడల్పున్న నా డయోడ్‌కు మాత్రం మధ్యలో ఉన్న చుక్క ఒక్కటే దక్కింది. పంపిన దానిలో నాలుగో వంతుకు పైగా నా లెక్కలోకే రాలేదు.

తెల్లకాగితం పట్టుకుని ఆ చీకట్లో ఎంతసేపు ఉన్నానో తెలియదు. తప్పు దొరికిన సంతోషం కంటే, ఇన్ని రోజులూ ఆ వలయం అక్కడే ఉందన్న ఆలోచన ఎక్కువగా కదిలించింది. కంపెనీ కాగితంలో 35 అని ఉండి ఉంటే నేను వెతికేదాన్ని కాదు. 33 అనే రాసి పంపేసేదాన్ని. మరో మనిషి దాన్ని నమ్మి మ్యూయాన్ లెక్కలు వేసేవాడు.

గొట్టం లోపల నల్ల మఖమల్ గుడ్డ అతికించాం. చివర 5 మిల్లీమీటర్ల రంధ్రమున్న రేకు బిగించి, డయోడ్ చూసినా ట్యూబు చూసినా అదే రంధ్రం గుండా అదే కాంతిని చూసేలా చేశాం. కాగితం మీద వలయం మాయమైంది. అన్నీ మొదటి నుంచి కొలిచాను. ఈసారి మెరుపుకు 6.6 కాంతికణాలు, లక్షలో 21,100 ఖాళీలు, సగటు 1.556. జవాబు 23.6 శాతం. చిన్న సవరణ ఇంకొకటి ఉంది. ఒక్క ఎలక్ట్రాన్ సంకేతం సాధారణంగా 1.6 పికోకూలూంబుల దగ్గర ఉంటుంది. దానిలో నాలుగో వంతు కంటే తక్కువైతే పరికరాల విద్యుత్ రొదలో (నాయిజ్) కలిసిపోతుంది కాబట్టి ఖాళీ కిందే లెక్కవేస్తాం. అంటే కొన్ని తడి బండలు పొడి బండల్లో కలిశాయి. వాటిని అంచనా వేసి కలిపితే 24.1. అనిశ్చితి అటూ ఇటూ 0.8. ఇందులో ఖాళీల లెక్కవల్ల వచ్చింది పిసరంత, మిగిలినదంతా డయోడ్‌దీ, పది లక్షల వంతుదీ. లక్షకు బదులు పది లక్షల మెరుపులు ఇచ్చినా ఈ 0.8 తగ్గదు.

అయితే ఇది ట్యూబు నడినెత్తిన కొలిచిన అంకె. ట్యాంకులో కాంతి అన్ని వైపుల నుంచీ వస్తుంది. గొట్టాన్ని చాపంలా వంగిన ఒక చేతికి బిగించి, నడినెత్తి నుంచి అంచుల దాకా జరుపుతూ నాలుగు దిక్కుల్లో కొలిచాను. ఉత్తరపు అంచులో 19, దక్షిణపు అంచులో 19. తూర్పున 21, పడమర 16. ట్యూబును నిలువు అక్షం మీద అర్ధచక్రం తిప్పి మళ్లీ కొలిచాను. ట్యూబు తిరిగినా తేడా తిరగలేదు. తూర్పున ఎక్కువ, పడమర తక్కువ. లోపం ట్యూబులో ఉంటే దానితోపాటే తిరగాలి కదా.

కారణం మన కాళ్లకింది భూమి. అయస్కాంత భూమధ్యరేఖ భారతదేశపు దక్షిణపు కొస మీదుగా పోతుంది. అందువల్ల మా ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం చాలావరకు నేలకు సమాంతరంగా, ఉత్తరం వైపు ఉంటుంది. బలం 40 మైక్రోటెస్లాల చుట్టూ. ట్యూబు నిలువుగా ఉంది, లోపల ఎలక్ట్రాన్ పైనుంచి కిందికి ప్రయాణిస్తుంది. క్షేత్రం ఉత్తరానికి ఉంటే దానిమీద బలం తూర్పు పడమరల్లో పడుతుంది. మొదటి డైనోడ్‌ను చేరేలోగా ఎలక్ట్రాన్ దాదాపు సెంటీమీటరు పక్కకు జరుగుతుందని లెక్కగట్టాను. నడినెత్తి నుంచి వచ్చినదానికి ఆ జరుగుబాటు పట్టదు. అంచు నుంచి ఇప్పటికే ఏటవాలుగా వచ్చే ఎలక్ట్రాన్‌కు అది చావుబతుకుల తేడా. చిన్న ట్యూబుల్లో ప్రయాణం కురచ కాబట్టి ఇది అంతగా కనిపించదు.

వడ్రంగి చేత 1.2 మీటర్ల వ్యాసమున్న రెండు చెక్క చట్రాలు చేయించాం. ఒక్కోదానికి అన్న 20 చుట్లు రాగితీగ చుట్టారు. ఒకటి పెట్టెకు ఉత్తరాన, ఒకటి దక్షిణాన నిలబెట్టి, 1.3 ఆంపియర్ల కరెంటు భూమి క్షేత్రానికి ఎదురుగా పంపాం. పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు ట్యూబు ఉండే చోట ఫోను పెట్టి, అందులోని దిక్సూచి సెన్సరు చూపే ఉత్తర దిశ అంకె సున్నా దగ్గరికి వచ్చేదాకా కరెంటు సవరించాను. మళ్లీ ట్యూబు పెట్టి, మళ్లీ పదిహేను గంటలు ఆగి కొలిస్తే తూర్పు 19, పడమర 19. నడినెత్తిన మాత్రం అదే 24. చెక్కచట్రం, రాగితీగ, ఫోను. వీటితో భూమి అయస్కాంతాన్ని ఒక మూల రద్దు చేశామని ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పాను.

మిగిలిన అయిదు ట్యూబులకు ఇంత సమయం పట్టలేదు. ఒక్కోదానికి రెండు రోజులు. నాలుగు 22కూ 25కూ మధ్య వచ్చాయి. ఆరోది 17.2 వచ్చింది. మూడుసార్లు కొలిచాను, వోల్టేజీ మార్చాను, చుట్ల కరెంటు చూశాను, గొట్టం చివర మళ్లీ కాగితం పట్టి చూశాను. 17.2 దాటలేదు. ఎర్రవెలుగులో ఏమీ తెలియలేదు గానీ, కొలతలన్నీ అయ్యాక కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తే దాని తేనెరంగు తక్కినవాటి కంటే వెలిసిపోయి కనిపించింది.

దాన్ని పక్కన పెట్టేద్దామా అని అడిగితే మేడం వద్దన్నారు. ఎంత పడుతుందో తెలిసిన ట్యూబు పనికొస్తుందన్నారు. ప్రతి ట్యూబు మెడ మీద ఒక చీటీ అంటించి సామర్థ్యం, వోల్టేజీ, కొలిచిన తేదీ, పెట్టె ఉష్ణోగ్రత రాశాను. 17.2 రాసినదాన్ని ట్యాంకులో కాంతి ఎక్కువగా చేరే అడుగుభాగంలో, మధ్యలో బిగించాం. నీళ్లు వదిలే ముందు అన్న ఆ చీటీలన్నిటి మీదా పారదర్శకమైన ఎపాక్సీ పూశారు.